బావగారి ఉక్కు పన్ను

ఆ గురువారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో భార్యతో లైబ్రరీలో పుస్తకాల తనిఖీ ఉందని చెప్పాలి. లైబ్రరీలో అసిస్టెంటుతో ఇంట్లో పని పడిందని చెప్పాలి. ఈ రెండు అబద్ధాల సందులో దొరికే పూటలో, ఊరికి ఆ చివర, తనను ఎరిగినవాళ్ళెవరూ తిరగని వీధిలో ఉన్న పళ్ళ క్లినిక్‌కి వెళ్ళి, కింది దవడలో ఎడమవైపు పన్ను చూపించుకుని, ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి అబద్ధం ఆడటం చేతకాని మనిషికి ఒకే రోజు రెండు ఆడవలసి రావడమే ఎక్కువ. సాయంత్రానికి ఆ లెక్క ఎక్కడికి పోతుందో తెలిసి ఉంటే ఆయన గడప దాటేవాడే కాడు.

తీరా బయల్దేరబోతుంటే మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి కనిపించింది. భార్య దాన్ని లాక్కుని, బూడిద రంగు దారం అయిపోయిందని ఎర్రదారంతోనే నాలుగు కుట్లు వేసి ఇచ్చింది. బూడిద రంగు మేజోటి మీద ఆ ఎర్రటి కుట్టు దెబ్బ తగిలినట్టు కనిపిస్తోంది. ఆయన అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆవిడ విసుక్కుంది.

"బూట్ల లోపల ఎవరు చూడొచ్చారండీ?"

అదీ నిజమేననుకుని ఆయన బూట్లు తొడుక్కున్నాడు.

ఒక పన్ను చూపించుకోవడానికి ఇంత దొంగతనమెందుకని ఎవరైనా అడగొచ్చు. ఇంట్లోనే పళ్ళ డాక్టరు ఉన్నాడు కాబట్టి. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పన్నెండేళ్ళ కిందట అతను చదువు ముగించి బోర్డు తగిలించిన వారానికే బావగారి పన్ను నొప్పెట్టింది. అతని చేతి మీదుగా జరిగిన మొట్టమొదటి రూట్ కెనాల్ అదే. పంటి వేళ్ళలోంచి నరం తీసి, ఆ సన్నటి దారులు శుభ్రం చేసి, మూసి, పైన లోహపు తొడుగు బిగించాడు. చికిత్స జరుగుతున్నంతసేపూ బావగారు కిక్కురుమనకుండా కూర్చున్నారని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. ఆయన అప్పుడు భయంతో కొయ్యబారిపోయి ఉన్నాడన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆ పన్ను ఆయనది కాకుండా పోయింది. బంధువులు నలుగురు చేరిన చోటల్లా బావమరిది చెయ్యి తుడుచుకుని, "బావా, ఒకసారి నోరు తెరువు" అంటాడు. ఆయన తెరుస్తాడు. ఫోను లైటు లోపలికి పడుతుంది. వచ్చినవాళ్ళు వరసగా వంగి చూసి తలాడిస్తారు. "ఉక్కు ముక్క" అంటూ బావమరిది వేలిగోటితో ఆ పన్ను మీద టకటకా కొట్టి చూపిస్తాడు. ఒక పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు.

బావమరిది మంచివాడే. కాకపోతే ముక్కుమీద కోపం. వాళ్ళ బాబాయి చేసిన నేరమల్లా పళ్ళసెట్టు వేరే చోట కట్టించుకోవడం. ఇంటి దగ్గర్లో ఉంది కదా అని వెళ్ళాడు పాపం. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అతను బాబాయితో మాట మానేశాడు. ఎదురుపడి బాబాయి నవ్వితే చాలు, ఆ పళ్ళు చూడలేక ముఖం తిప్పుకుంటాడు. లైబ్రేరియన్ భార్యకేమో పొద్దున్నే తమ్ముడితో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడందే రోజు మొదలవదు. పుట్టింటివైపు ఆవిడకు మిగిలిన తోబుట్టువు అతనొక్కడే. ఆ ఫోను తన పన్ను మూలంగా ఆగిపోతే ఆవిడ ఏమైపోతుందో అనుకుంటే లైబ్రేరియన్‌కి పంటినొప్పి కూడా చిన్నదిగా కనిపించేది.

అలాగని అది చిన్న నొప్పేం కాదు. కొన్ని నెలలుగా ఆ ఉక్కు ముక్క లోలోపల సలుపుతోంది. గట్టివి కొరకడం మానేశాడు, అన్నీ కుడివైపే నములుతున్నాడు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద కూర్చుని లైబ్రేరియనే మూలుగుతుంటే పాఠకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అంతవరకూ భరించాడు. కానీ వచ్చే ఆదివారం బావమరిది కొత్త క్లినిక్ ప్రారంభం. గుమ్మం పక్కన నిలువెత్తు బ్యానరు తయారైంది. దాని మీద నోరు తెరిచిన బావగారి ఫోటో, కింద 'పన్నెండేళ్ళుగా చెక్కుచెదరని పన్ను' అన్న అక్షరాలు. అతిథులందరి ముందూ బావగారు ఒక ఆపిల్ కాయను ఎడమవైపు పళ్ళతో కసుక్కున కొరకాలని కూడా నిర్ణయమైపోయింది. ఆపిల్ మాట వినగానే లైబ్రేరియన్‌కి కళ్ళు తిరిగాయి.

అందుకే ఈ గురువారం ప్రయాణం.

క్లినిక్ చిన్నదే కానీ అద్దంలా ఉంది. బూట్లు బయట విడవమన్నారు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి చిరునవ్వుతో పేరు అడిగింది. ఆయన నోరు తెరిచి, టక్కున మూశాడు. పళ్ళ డాక్టర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే కదా, తన పేరు ఈ గుమ్మం దాటి ఎక్కడెక్కడికి పోతుందో ఎవరు చూశారు? అమ్మాయి మళ్ళీ అడిగింది. ఆ కంగారులో ఆయనకు ప్రపంచంలో మరే పేరూ గుర్తురాక, తమ ఇంటి పై వాటాలో అద్దెకుండే మాస్టారి పేరు చెప్పేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అత్యవసరమైతే కబురు చేయడానికి ఇంట్లోవాళ్ళ నంబరు కూడా కావాలంది. భార్య నంబరు ఇవ్వడమంటే చేజేతులా నిప్పంటించుకోవడమే. మేడ మీద నీళ్ళ ట్యాంకు మోటారు స్విచ్చు పై వాటాలో ఉంటుంది. ట్యాంకు నిండగానే ఆపమని మాస్టారి భార్యకు రోజూ ఫోను చేసేది ఆయనే. ఆ నంబరు నోటికొచ్చినంతగా ఆయన సొంత నంబరు కూడా రాదు. పేరు వాళ్ళదైనప్పుడు నంబరు కూడా వాళ్ళదైతేనే అతుకుతుందని, ఎలాగూ ఎవరూ చెయ్యరన్న ధైర్యంతో అదే చెప్పాడు. నాలుగో అబద్ధానికి వచ్చేసరికి చెయ్యి తిరిగినట్టు అనిపించి ఆయనకు తన మీద తనకే భయం వేసింది.

లోపల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, తెర మీద చూసి, దగ్గరికి జరిగి ఇంకోసారి చూసింది. డాక్టర్లు రెండోసారి చూసినప్పుడే భయపడాలి.

"ఇది ఎవరి దగ్గర చేయించుకున్నారు?"

"గుర్తులేదండీ." ఐదు.

ఈ పంటికి ఉండాల్సిన దారుల్లో ఒకదాన్ని అసలు ముట్టుకోలేదని, అందులో మిగిలిపోయిన నరం కుళ్ళి వేరు కింద చీము పట్టిందని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. తొడుగు తీసి, పాత మందంతా తవ్వి, మొత్తం మొదటినుంచి మళ్ళీ చెయ్యాలట. లైబ్రేరియన్ నిర్ఘాంతపోయాడు. ఒకసారి నరం తీయించుకున్నవాడికి ఇక జీవితంలో ఆ బెడద ఉండదనే ఆయన అనుకుంటున్నాడు.

"నరం తీసేశాక మళ్ళీ నొప్పెలా వస్తుందండీ?"

"మొత్తం తీస్తే రాదండీ."

దవడకు మత్తు సూది పడింది. పెదవి, నాలుక, గడ్డం ఒకటొకటిగా సెలవు తీసుకున్నాయి. తలకు టోపీ పెట్టారు, లైటు పడకుండా కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. తొడుగు ఊడబెరికి స్టీలు గిన్నెలో టంగుమని వేశారు. తరువాత ఆ ఒక్క పన్ను మాత్రం బయటకు వచ్చేలా చిల్లుపెట్టిన రబ్బరు షీటు ఒకటి తెచ్చి ముక్కు కింద నుంచి గడ్డం దాకా బిగించారు. మెడ మీదుగా పాదాల దగ్గరి దాకా పచ్చగుడ్డ కప్పారు. ఇప్పుడాయనలో బయటి లోకానికి కనిపించేవి రెండే. ఒక పన్ను, మేజోళ్ళతో ఉన్న రెండు పాదాలు. ఈ వేషంలో కన్నతల్లి కూడా తనను గుర్తుపట్టదని ఆయన మొదటిసారిగా నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ నిశ్చింత ఎంతోసేపు నిలవలేదు. పాత మందు తవ్వుతూ తవ్వుతూ డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఇంకో ఎక్స్‌రే తీసింది. వేరు మధ్యలో సన్నటి సూదిముక్క ఒకటి విరిగి ఇరుక్కుని ఉందని, ఎవరో దాన్ని అలాగే వదిలేసి పైన పూడ్చేశారని చెప్పింది. లైబ్రేరియన్ పన్నెండేళ్ళుగా దవడలో సూది పెట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగాడన్నమాట. దాని మీదే టకటకా కొట్టించుకున్నాడన్నమాట.

"కంగారు పడకండి. ఇలాంటివి తీయడానికి మా దగ్గరకు ఒక స్పెషలిస్టు వస్తారు. ఎక్కడెక్కడో పాడైన కేసులన్నీ ఆయనే బాగుచేస్తారు. చాలా మంచి చెయ్యి. పిలిపిస్తున్నాను, కదలకుండా అలాగే ఉండండి."

అనుకున్నదానికంటే ఆలస్యమైతే రోగి ఇంటికి కబురు చెయ్యాలన్నది ఆ క్లినిక్ పద్ధతి. ఓరగా వేసిన తలుపులోంచి కౌంటరులో అమ్మాయి గొంతు స్పష్టంగా వినిపించింది. "అమ్మా, మీవారు మా క్లినిక్‌లో ఉన్నారు. ఆయన పంట్లో సూది విరిగి ఉంది. పెద్ద డాక్టరు గారు వస్తున్నారు. మీరు భయపడకండి."

లైబ్రేరియన్ లేచి పరిగెత్తాలనుకున్నాడు. రబ్బరు షీటు, దాన్ని పట్టుకున్న ఇనుప కొక్కెం ఆయన్ని లేవనివ్వలేదు. "ఆ... ఆ..." అన్నాడు. డాక్టరమ్మ ఆప్యాయంగా భుజం తట్టి, ఉమ్మి పీల్చే గొట్టాన్ని ఇంకాస్త లోపలికి జరిపింది.

ఆ ఫోను తరువాత ఇంటి దగ్గర జరిగింది ఆయనకు ఆ రాత్రి భార్య చెబితే తెలిసింది. భయపడకండి అన్న మాట వినగానే మాస్టారి భార్య భయపడిపోయింది. మాస్టారు పరీక్షల డ్యూటీకని వెళ్ళాడు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. పరీక్ష హాల్లో ఫోను ఆపేస్తారని ఆవిడకు తెలుసు, కానీ ఆ క్షణాన తెలియలేదు. తనతో అబద్ధం చెప్పి ఎక్కడో పళ్ళలో సూదులు విరగ్గొట్టించుకుంటున్నాడన్న దుఃఖం ఒకటి, ఏమవుతాడోనన్న దిగులు ఒకటి. పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి మెట్లు దిగి కింది వాటాలోకి వచ్చి పడింది. లైబ్రేరియన్ భార్య ముందు మంచినీళ్ళిచ్చి, పైకెళ్ళి పొయ్యి ఆపి వచ్చి, తరువాత ధైర్యం చెప్పింది. తన తమ్ముడుండగా పళ్ళ గురించి దిగులెందుకంది. అప్పటికప్పుడు తమ్ముడికి ఫోను చేసింది. అతను క్లినిక్ పేరు వినగానే ఒక్క క్షణం తడబడి, ఆ దగ్గర్లోనే ఉన్నానని, మాస్టారి సంగతి తానే స్వయంగా చూసుకుంటానని మాటిచ్చాడు. అంతా మంచిచోటికే చేరిందనుకుని ఆడవాళ్ళిద్దరూ ఆటో ఎక్కారు.

ఈ సంగతులేవీ తెలియని లైబ్రేరియన్ నల్లద్దాల వెనక కళ్ళు మూసుకుని, మాస్టారికి ఏమని సంజాయిషీ చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాడు. అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"కేసు ఏదండీ?"

వేయిమందిలో ఉన్నా ఆ గొంతును ఆయన పోల్చుకోగలడు. పన్నెండేళ్ళుగా తన చేత నోరు తెరిపిస్తున్న గొంతు అది.

బావమరిది ముఖానికి మాస్కు, కళ్ళకు భూతద్దాలు, చేతిలో పనిముట్ల సంచి. వస్తూనే రోగికి చనువుగా నమస్కారం పెట్టాడు.

"మాస్టారూ, మీరు మా అక్కావాళ్ళ పై వాటాలో ఉంటారటగా. అక్క ఇప్పుడే ఫోను చేసింది. నేనుండగా ఇంత దూరం రావడమేంటండీ? మా బావగారిని ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా. పన్నెండేళ్ళ కిందట చేశాను ఆయన పన్ను. ఉక్కు ముక్క."

ఉక్కు ముక్క పెదవి దాటి ఏమీ చెప్పలేకపోయింది. బావమరిది తెర వైపు తిరిగాడు. తిరిగినవాడు అలాగే నిలబడిపోయాడు. మాస్కు మీద అతని కళ్ళు పెద్దవవుతుండటం నల్లద్దాల్లోంచి కూడా కనిపించింది.

"ఇది మనిషి చేసిన పనేనా డాక్టరుగారూ?"

అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. ఒక దారి అసలు వెతకనే లేదన్నాడు. రెండోదాన్ని సగంలో వదిలేశాడన్నాడు. సూది విరగ్గొట్టి, రోగికి చెప్పకుండా, పైన మట్టి కప్పినట్టు మందు కప్పేశాడన్నాడు. ఇలాంటివాడికి పట్టా ఇచ్చిన కాలేజీని ముందు మూసేయాలన్నాడు. ఈ చేతులతో వాడు పళ్ళు ముట్టుకునే బదులు గోడలకు మేకులు కొట్టుకోవాల్సిందన్నాడు. సూదిముక్క మీద పని ప్రారంభించాడు కానీ నోరు ఆపలేదు. ఇలాంటివాణ్ణి వదలకూడదని, పేరు తెలిస్తే పళ్ళ డాక్టర్ల కౌన్సిల్‌కి ఫిర్యాదు చేద్దామని, అందులో సాక్షిగా తానే సంతకం పెడతానని డాక్టరమ్మతో అన్నాడు.

"మాస్టారూ, కాస్త గుర్తు తెచ్చుకోండి. మీ ఒక్కరి కోసం కాదు. వాడి చేతిలో ఇంకెంతమంది ఉన్నారో."

లైబ్రేరియన్ గుడ్లప్పగించి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. తిట్టేవాడూ తిట్లు తినేవాడూ ఒక్కడేనని ఆ గదిలో తెలిసినవాడు తానొక్కడే, ఆ తెలిసిన నోటికేమో చిల్లుపెట్టిన రబ్బరు కప్పి ఉంది. ఒక్కొక్క తిట్టూ వింటుంటే బావమరిది మీద జాలి ముంచుకొచ్చింది. ఇవన్నీ తన గురించేనని తెలిసిననాడు వీడేమైపోతాడు, తన భార్య ఏమైపోతుంది అనుకున్నాడు.

దానితోపాటే ఇంకో ఆశ్చర్యం కూడా కలిగింది. ఆ చేతులు ఇప్పుడు వణకడం లేదు. ఆ రోజు దవడ పట్టుకోవడానికే భయపడ్డ కుర్రాడు, ఈ రోజు సన్నటి కొసతో ఆ ముక్క చుట్టూ ఓపిగ్గా, ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాడు. మనిషి నోరు కత్తిలా ఉంది కానీ చెయ్యి మాత్రం దూదిలా ఉంది. చివరికి చీమ కాలంత ముక్కను బయటకు లాగి గాజుపలక మీద పెట్టినప్పుడు డాక్టరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. లైబ్రేరియన్‌కి కూడా గర్వంగా అనిపించింది. తన బావమరిది ఇంతటివాడయ్యాడని ఆయనకు నిజంగా తెలియదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మాస్టారి భార్య లోపలికి వచ్చింది. పచ్చగుడ్డ కింద పడి ఉన్న మనిషిని చూసేసరికి ఆవిడకు ఆగలేదు. గుడ్డ కింద చెయ్యిపెట్టి ఆయన చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా ఏవండీ? పంటినొప్పని చెబితే నేను కాదంటానా? పరీక్ష డ్యూటీ అని అబద్ధం చెప్పి రావాలా?"

లైబ్రేరియన్ చెయ్యి మంచుగడ్డయింది. చెయ్యి లాక్కుందామంటే బావమరిది మళ్ళీ పంటిలో ఏదో పెట్టి ఉన్నాడు, కదిలితే ప్రమాదం. లాక్కోకపోతే ఇంకో రకం ప్రమాదం. తనను రోజూ అన్నయ్యగారూ అని పిలిచే ఇల్లాలు తన చేతిని చెంపకు ఆనించుకుంటుంటే ఆయన బిగుసుకుపోయి పడుకున్నాడు. చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటని ఆవిడ డాక్టర్లను అడిగింది కూడా.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. చెయ్యి వదలకుండానే ఫోను ఎత్తింది. పరీక్ష అయిపోయిందని, ఇన్నిసార్లు ఎందుకు ఫోను చేసిందని మాస్టారు అడుగుతున్నాడు. ఆవిడ ఫోను వైపు చూసింది. తన చేతిలో ఉన్న చేతి వైపు చూసింది. మళ్ళీ ఫోను వైపు చూసింది. కాలుతున్న పెనం ముట్టుకున్నట్టు ఆ చేతిని వదిలేసి గోడ దాకా వెనక్కి వెళ్ళిపోయింది.

"మా ఆయన స్కూల్లో ఉన్నారు. మరి ఈయనెవరు?"

జవాబు చెప్పగలిగినవాడి పెదవి ఇంకా మత్తులో ఉంది. అప్పటికి గుమ్మం దాటి వచ్చిన లైబ్రేరియన్ భార్య కుర్చీ చివర నిలబడి ఉంది. ఆవిడ చూపు పచ్చగుడ్డ కొసన బయటకు వచ్చి ఉన్న పాదాల మీద పడింది. వంగి, బొటనవేలి దగ్గర వేలితో తడిమి చూసింది.

"ఈ కుట్టు నాది" అంది.

బావమరిది పనిముట్టు పక్కన పెట్టి, నల్లద్దాలు తీసి, రబ్బరు షీటు విప్పాడు. కింద బావగారి ముఖం బయటపడింది. ఎడమవైపు వాచి, జారిపోయి, రెండు కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతున్న ముఖం.

"బావా" అన్నాడు. మనిషి రెండు అడుగులు వెనక్కి వేశాడు, మళ్ళీ ముందుకొచ్చి నోట్లోకి తొంగి చూశాడు, తెర వైపు చూశాడు. చివరికి తను చేసింది ఈ పన్ను కాదని, దాని పక్కదని అన్నాడు. ఇది ఎవడో మధ్యలో చేసిన పనన్నాడు. అలా అంటూనే స్టీలు గిన్నెలోంచి తొడుగు తీసి తిరగేశాడు. బోర్డు కట్టిన కొత్తలో అతనికి ఒక సరదా ఉండేది. తను వేసే ప్రతి తొడుగు లోపలా తన పేరులోని మొదటి అక్షరం చెక్కించేవాడు. పన్నెండేళ్ళ చీకటి తరువాత కూడా ఆ అక్షరం చెక్కుచెదరలేదు. మిగతాదంతా చెదిరింది.

అతను చక్రాల స్టూలు మీద కూలబడ్డాడు. విషయం సగమే అర్థమైన డాక్టరమ్మ, పాపం, మంచి మనసుతోనే అడిగింది.

"ఆ డాక్టరెవరో తెలిసినట్టుంది కదా సార్. కౌన్సిల్‌కి ఫిర్యాదు ఈ రోజే పంపేద్దామా?"

లైబ్రేరియన్ గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాడు. ఇప్పుడు వీడు లేచి వెళ్ళిపోతాడు. రేపు పొద్దున ఫోను మోగదు. ఆ తరువాత ఇక ఎప్పుడూ మోగదు. బావమరిది తలెత్తకుండానే, ఎన్నాళ్ళనుంచి నొప్పి అని అడిగాడు. బావగారు మొద్దుబారిన నాలుకతో, కొన్ని నెలలని చెప్పాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?"

జవాబు లైబ్రేరియన్ భార్య చెప్పింది.

"బాబాయి సంగతి చూశాక నీకు ఎవరు చెప్తార్రా? పళ్ళసెట్టు కట్టించుకున్న పాపానికి ఆ పెద్దాయన నీ ముందు నవ్వడం మానేశాడు. ఈయనేమో నీతో నా మాటలు ఎక్కడ పోతాయోనని నెలల తరబడి నొప్పి దిగమింగాడు. నేనేమో నా వంట నచ్చడం లేదేమోనని కుమిలిపోతున్నా. ఇంతకీ నువ్విక్కడేం చేస్తున్నావు? నీ క్లినిక్‌లో ఊపిరాడనంత పనన్నావు కదా."

బావమరిది చేతిలోని తొడుగును అటూ ఇటూ తిప్పాడు. బాబాయితో గొడవయ్యాక బంధువులందరూ తన గుమ్మం తొక్కడం మానేశారని చెప్పాడు. నొప్పెట్టినా, పన్ను ఊడినా తన కంట పడకుండా ఎక్కడికో పోతున్నారట. వాళ్ళను చూసి తెలిసినవాళ్ళు కూడా రావడం తగ్గించారట. అప్పటినుంచి ఇలా సంచి పట్టుకుని ఊళ్ళో క్లినిక్కులన్నీ తిరుగుతూ ఇతరులు పాడుచేసిన పళ్ళు బాగుచేస్తున్నాడు, కొత్త క్లినిక్ కూడా ఆ సంపాదనతోనే పెడుతున్నాడట. అక్కకు తెలిస్తే చిన్నతనంగా ఉంటుందని దాచాడు. తనొక్కడే దొంగతనంగా ఈ వీధికి వచ్చాననుకున్నాడు లైబ్రేరియన్, అంతవరకూ.

ఆయన చెయ్యి చాచి బావమరిది మోచెయ్యి పట్టుకున్నాడు. ఈ రోజు చాలా బాగా చేశావని చెప్పబోయాడు. పెదవి సహకరించక అందులో సగమే బయటకు వచ్చింది. బావమరిదికి ఆ సగం చాలినట్టుంది. లేచి చేతి తొడుగులు మార్చుకున్నాడు.

"బావా, ఒకసారి నోరు తెరువు" అన్నాడు నెమ్మదిగా. "ఆ వదిలేసిన దారి ఇంకా మిగిలే ఉంది."

పన్నెండేళ్ళలో చూడటానికి ఎవర్నీ పిలవకుండా అతను ఆ మాట అనడం అదే మొదలు.

ఆ తరువాత మూడు రోజులూ లైబ్రేరియన్ మోటారు ఆపమని ఫోను చేస్తే మాస్టారి భార్య సిగ్గుతో ఎత్తనేలేదు. ట్యాంకు పొంగి మేడ మీంచి నీళ్ళు కారి, మాస్టారి చొక్కాలు రెండుసార్లు తడిశాయి. తను ఏ తప్పూ చేయకుండా పరీక్ష హాల్లో కూర్చున్న పాపానికి ఇంట్లో ఎందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తోందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆదివారం కొత్త క్లినిక్ కళకళలాడిపోయింది. అంతకు ముందురోజు బావమరిది స్వయంగా వెళ్ళి పిలిచాడు కాబట్టి బాబాయి ముందు వరసలో కూర్చుని, పరాయి చోట కట్టించుకున్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. లైబ్రేరియన్ భార్య తమ్ముడి పక్కనే నిలబడి అతిథులను పలకరిస్తోంది. ఆ పొద్దున కూడా ఫోను మోగింది, ఎప్పటికంటే ఎక్కువసేపే మాట్లాడుకున్నారు. ఆపిల్ కాయ ఎక్కడా కనిపించకపోవడంతో లైబ్రేరియన్ మనసు కుదుటపడింది. గుమ్మం పక్కన బ్యానరు కూడా మారింది. నోరు తెరిచిన ఫోటో మాత్రం అదే. దాని కింద అక్షరాలు కొత్తవి: 'ఇతర చోట్ల పాడైన రూట్ కెనాల్‌లు ఇక్కడ మళ్ళీ చేయబడును'.

ఆయన ఆ అక్షరాలు చదువుతుండగానే బావమరిది వచ్చి భుజం మీద చెయ్యేసి, బావా ఒకసారి నోరు తెరువన్నాడు. ఫోను లైటు లోపలికి పడింది. అతిథులు వరస కట్టారు. అందరికంటే ముందు బాబాయి వంగి, కళ్ళజోడు సవరించుకుని, లోపలికంతా పరికించి చూశాడు.

"ఇంత మంచి పన్నును పాడుచేసిన ఆ మహానుభావుడెవర్రా?"

"అప్పట్లో కొత్తగా బోర్డు కట్టిన కుర్రాడు బాబాయ్" అన్నాడు బావమరిది. "కాస్త పొగరెక్కువ. ఇప్పుడు మారాడంటున్నారు."

ఆ విషయంలో తన అభిప్రాయం కూడా చెబుదామని లైబ్రేరియన్‌కి ఎంతో అనిపించింది కానీ, అప్పటికే ఆయన నోరు తెరిచి ఉంది.